దేశరక్షణము – పౌరస్వాతంత్ర్యము



ఈ సాయంకాలము నేను ప్రసంగింపదలచిన విషయము పేరునకు పెద్దది. కాని మన గ్రామములకు దూరమైనది కాదు. దేశమును శత్రువులనుండియు, జనులను దుర్మార్గులనుండియు కాపాడుటకై ప్రభుత్వము కొందఱిని కనిపెట్టియుండవలసి వచ్చును. అట్లు కనిపెట్టుట ఎంతవరకు న్యాయము? ఎచ్చటినుండి అన్యాయము? ఇది పట్టణములలోని న్యాయవాదుల చర్చయే గాని మనకు పనిలేనిదని కొందఱు తలంపవచ్చును. అది పొరపాటు. మన దేశపు అత్యున్నత న్యాయస్థానము ఈ ప్రశ్నను విపులముగా చర్చించిన ప్రసిద్ధ వ్యాజ్యము ఒక పల్లెటూరి యింటి గుమ్మమునొద్ద పుట్టినది. అందు ముఖ్యపాత్ర వహించినవాడు ఒక గ్రామ చౌకీదారు. ఆ సంగతి చెప్పుటకు ముందు, మా ఊరిలో నేను చిన్ననాడు చూచిన విషయమొకటి మనవి చేసికొందును.

మా తండ్రిగారు గ్రామమునసబుగా నుండిరి. 1950వ దశకమున ఒక ఏడు మా ప్రాంతమున పశువుల దొంగతనములు హెచ్చినవి. తొలకరి వేళ దుక్కిటెద్దులు పోయిన రైతు గతి యేమగునో మీకు నేను చెప్పనక్కఱలేదు. ఠాణావారును మా తండ్రిగారును కలిసి గస్తీ యేర్పఱచిరి. తలారులు వంతులవారీగా రాత్రులు తిరిగిరి. పొలిమేరలు దాటు పశువులను ఆపి, ఎవరివని యడిగిరి. నెల తిరుగకమున్నే దొంగలు పట్టుబడిరి, దొంగతనములు నిలిచిపోయినవి. ఊరివారందఱును సంతోషించిరి. కావలి లేని ఊరు ఊరు కాదని నాకు ఆనాడే తెలిసినది.

అయితే ఆ గస్తీ దినములలోనే మా ఊరివాడొకడు అనుమానముమీద పట్టుబడెను. సాక్ష్యమేమియు దొరకనందున అతనిని విడిచిపెట్టిరి. విడిచిపెట్టినను అతని పేరు మాత్రము ఠాణాలోని రిజిష్టరునకు ఎక్కి యందే నిలిచిపోయెను. అట్లు పేరెక్కినవానిని మన వాడుకలో ‘కేడీ’ యందురు. అది మొదలుగా ప్రతి రాత్రియు తలారి పోయి, కఱ్ఱతో అతని తలుపు తట్టి, “ఉన్నావా?” అని అడుగుచుండెను. “ఉన్నాను” అని లోపలినుండి అతడు బదులు చెప్పవలెను. ఈ పని చేయించువారు మా తండ్రిగారే. పైనుండి వచ్చిన ఉత్తరువు అట్టిది.

కొంతకాలమునకు అతని కూతురికి సంబంధము కుదురు నట్లుండెను. పొరుగూరినుండి పిల్లను చూడవచ్చినవారు ప్రొద్దుపోయినందున ఆ రాత్రి వారి యింటనే నిలిచిరి. అర్ధరాత్రమున తలుపు చప్పుడైనది. తెల్లవారకముందే చుట్టములు బండి కట్టించుకొని వెడలిపోయిరి. ఉదయమున అతడు మా యింటి అరుగు క్రింద నిలుచుండి మా తండ్రిగారితో, “అయ్యా! కోర్టువారు నన్ను వదిలినారు. తమరెప్పుడు వదులుతారు?” అని అడిగెను. మా తండ్రిగారు ఏమియు బదులు పలుకలేదు. ఆనాటి రాత్రి తలారిని పిలిచి, “ఇక తలుపు తట్టవద్దు. వీధిలో నిలుచుండి వినుము. దగ్గో గురకో వినబడినచో వాడున్నట్లే. వచ్చివేయుము” అని చెప్పిరి. చిక్కు తీరినదని మేమందఱము అనుకొంటిమి. తీరినదో లేదో తరువాత మనవి చేసెదను.

పెద్దలారా! ప్రభుత్వము ఎవరిని గుఱించియు ఏమియు తెలిసికొనరాదని నేను చెప్పబోవుట లేదు. 2007వ సంవత్సరము ఆగష్టు 25వ తేదీ సాయంకాలము హైదరాబాదులో లుంబినీ పార్కునందును, కోఠీలోని గోకుల్ చాట్ అను ఫలహారశాలయందును బాంబులు పేలి నలుబదిమందికి పైగా మరణించిరి. వినోదమునకై పార్కునకు వచ్చినవారును, ఫలహారము తినుచు నిలిచినవారును ఏ పాపము చేసిరి? 2008 నవంబరు 26వ తేదీ రాత్రి పదిమంది సాయుధులు సముద్రమార్గమున బొంబాయి చేరి, మూడు దినముల వ్యవధిలో 166 మందిని పొట్టనబెట్టుకొనిరి. ఆ సమయమున హంతకులకును, దేశము వెలుపలనుండి వారిని నడిపించుచున్నవారికిని జరిగిన టెలిఫోను సంభాషణలను మన అధికారులు వినగలిగిరి. కుట్ర ఎచ్చట పుట్టినదో న్యాయస్థానమున రుజువు చేయుటకు ఆ మాటలు ముఖ్యమైన సాక్ష్యమైనవి. కావున ప్రభుత్వమునకు చెవులుండుట అవసరము. చెవిటి కాపలావాడు ఇంటికి రక్షకుడు కాజాలడు.

అయితే అవసరమైన అధికారమునకు హద్దు అక్కఱలేదనుకొనుట తగదు. కంచెయే చేను మేసినచో చేనునకు దిక్కెవరని మన పెద్దలు ఊరక యనలేదు. ఇక ఆ వ్యాజ్యపు కథ వినుడు.

ఉత్తరప్రదేశమున ఖరక్‌సింగు అను నొకనిపై 1941వ సంవత్సరమున బందిపోటు నేరము మోపబడెను. సాక్ష్యము లేనందున అతనిని విడిచిపెట్టిరి. అయినను పోలీసువారు అతని పేర ఒక హిస్టరీ షీటు తెఱచిరి. ఆ రాష్ట్రపు పోలీసు నిబంధనలలో 236వ నిబంధన యొకటి కలదు. దాని ప్రకారము అనుమానితుని యింటిచుట్టు రహస్యముగా కాపుండవచ్చును. రాత్రివేళ ఇంటికి పోయి చూడవచ్చును. అతని నడవడి, స్నేహములు, రాబడి, ఖర్చు, వృత్తి మొదలగువానిని విచారింపవచ్చును. ఊరు విడిచి పోవుటను, తిరిగి వచ్చుటను చౌకీదారులు తెలియజేయవలెను. చౌకీదారును పోలీసులును రాత్రులయందు వచ్చి, తలుపు తట్టి, కేకలువేసి తన నిద్ర చెఱచుచున్నారనియు, కొన్ని పర్యాయములు నిద్రనుండి లేపి ఠాణాకు నడిపించుచున్నారనియు, పొరుగూరికి పోవలెనన్నను వారికి చెప్పి పోవలసి వచ్చుచున్నదనియు ఖరక్‌సింగు సుప్రీంకోర్టునకు మొఱపెట్టుకొనెను.

1962వ సంవత్సరమున ఆఱుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. చట్టము నిర్ణయించిన పద్ధతి ప్రకారము తప్ప ఏ మనుష్యుని ప్రాణమునుగాని స్వేచ్ఛనుగాని హరింపరాదని మన రాజ్యాంగపు 21వ అధికరణము చెప్పుచున్నది. పోలీసు నిబంధన శాసనసభ చేసిన చట్టము కాదు. అది ఉద్యోగులు తమ శాఖకొఱకు వ్రాసికొన్న ఆదేశము మాత్రమే. కావున రాత్రివేళ ఇంటికి పోయి నిద్ర లేపుట రాజ్యాంగవిరుద్ధమని ఆఱుగురును ఏకముగా నిర్ణయించిరి. మిక్కిలి గొప్ప రాజ్యము కూడ మిక్కిలి చిన్న యింటి గడప దాటుటకు చట్టము చూపవలసినదేనని దీని తాత్పర్యము.

కాని అచ్చటినుండి వారిలో భేదము పుట్టినది. తక్కిన నిఘాయంతయు ఉండవచ్చునని నలుగురు న్యాయమూర్తులు చెప్పిరి. చాటున కాపుండుటవలనను, రాకపోకలు వ్రాసికొనుటవలనను మనుష్యుని కాలుసేతులకు కట్టు పడదు గదా యని వారి వాదము. ఏకాంతమునకు రాజ్యాంగము ప్రత్యేక హక్కు ఈయలేదని కూడ వారు చెప్పిరి. మిగిలిన ఇరువురు అట్లు తలంపలేదు. ఆ యిరువురిలో ఒకరు న్యాయమూర్తి షాగారు. మఱొకరు మన తెలుగువారైన కోకా సుబ్బారావుగారు. సుబ్బారావుగారు 1902లో రాజమహేంద్రవరమున జన్మించిరి. 1954లో ఆంధ్ర హైకోర్టునకు తొలి ప్రధాన న్యాయమూర్తియైరి. 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి పదవి నలంకరించిరి. కనబడు సంకెల యొక్కటే సంకెల కాదనియు, ఎల్లప్పుడును తన్నెవరో చూచుచున్నారను తలంపు మనస్సును బంధించుననియు, అట్టి మనుష్యుడు నడచుచున్నను స్వేచ్ఛగా నడచుట లేదనియు వారి యభిప్రాయము. కావున 236వ నిబంధన మొత్తము కొట్టివేయదగినదని వారు వ్రాసిరి. నాడు ఆ మాట ఇరువురి మాటగనే నిలిచిపోయినది.

ఇప్పుడు మా ఊరి సంగతికి వత్తును. తలారి తలుపు తట్టుట మానిన కొన్ని నెలలకు ఆ మనుష్యుని భార్య మా తల్లిగారితో చెప్పుకొనినది. అతడు రాత్రి జాము ప్రొద్దుపోవువఱకు నిద్రింపడట. తలారి వీధిలోనికి వచ్చిన అడుగుల చప్పుడు వినబడువఱకు మేలుకొనియుండి, వినబడగానే బిగ్గరగా దగ్గునట. దగ్గు వినబడనిచో మరునాడు ఏమి వచ్చునో యని అతని భయము. తలుపు తట్టుట నిలిచినది. నిద్ర మాత్రము రాలేదు. మా తండ్రిగారు దయతోనే ఆ యేర్పాటు చేసిరి. అయినను కఱ్ఱ చప్పుడు పోయి దాని స్థానమున భయము నిలిచినది. తరువాత ఎన్నియో యేండ్లకు సుబ్బారావుగారి తీర్పును చదివినప్పుడు ఆ దగ్గు నా చెవిలో వినబడినట్లైనది.

అయితే ప్రభుత్వము నేరస్థులను కనిపెట్టనే కూడదా? ఈ ప్రశ్నకు మఱొక తెలుగు న్యాయమూర్తి, ఓ. చిన్నపరెడ్డిగారు, 1980లో పంజాబు వ్యాజ్యమొకదానిలో చక్కని సమాధానము చెప్పిరి. నేరములను నివారించుట పోలీసుల విధియే. అందుకై మితముగా, గుట్టుగా కనిపెట్టుట తప్పు కాదు. కాని ఆ కనిపెట్టుట మనుష్యుని స్వేచ్ఛను పిండివేయునంతటిది కారాదు. రిజిష్టరునకు పేరు ఎక్కించుట యంత్రము త్రిప్పినట్లు జరుగరాదు. ఈతడు నేరము చేయగలడని నమ్ముటకు తగిన హేతువు ఉండవలెను. ఇది పోలీసులకును మేలైన మాటయే. నిజమైన దొంగల పేర్లు పది యున్న రిజిష్టరు కాపలాకు పనికివచ్చును. పగలతోను, ఉదాసీనతతోను నిండిన నూఱు పేర్ల రిజిష్టరులో ఆ పది పేర్లును మఱుగుపడిపోవును.

మనుష్యుడు శాంతికాలమున తన హక్కు ఇతరులకు ఇచ్చివేయడు. భయము కలిగినప్పుడే ఇచ్చును. ఇది చరిత్ర మనకు నేర్పిన పాఠము. మొదటి మహాయుద్ధము ముగిసిన వెనుక 1919 మార్చినెలలో ఆంగ్ల ప్రభుత్వము రౌలట్ చట్టమును చేసెను. కుట్రలను అణచుటకని చెప్పి, విచారణ లేకయే జనులను నిర్బంధించు అధికారమును అది చేజిక్కించుకొనెను. గాంధీగారు దేశవ్యాప్తముగా హర్తాళమునకు పిలుపునిచ్చిరి. ఏప్రిల్ 13వ తేదీన అమృతసరములోని జలియన్‌వాలా బాగులో గుమిగూడిన నిరాయుధులపై తుపాకులు పేలినవి. 1922లో ఆ చట్టము రద్దయినది. కాని పోయిన ప్రాణములు తిరిగి రాలేదు.

అది పరాయి ప్రభుత్వమని మనము అనవచ్చును. స్వతంత్ర భారతమున 1975 జూను 25వ తేదీన అంతరంగిక కల్లోలము కారణముగ చూపి అత్యవసర పరిస్థితి ప్రకటింపబడెను. అది 1977 మార్చివఱకు సాగెను. లక్షకు పైగా జనులు విచారణ లేక నిర్బంధమున నుండిరి. పత్రికలపై పరిశీలకులు కూర్చుండిరి. నిర్బంధింపబడినవారు తమను ఏల పట్టిరో చెప్పుడని న్యాయస్థానమును అడుగవచ్చునా యను ప్రశ్న సుప్రీంకోర్టు ముందునకు వచ్చినప్పుడు, 1976 ఏప్రిలు 28వ తేదీన ఐదుగురిలో నలుగురు, అత్యవసర కాలమున అట్లు అడుగు హక్కు లేదని తీర్పుచెప్పిరి. న్యాయమూర్తి హెచ్. ఆర్. ఖన్నాగారొక్కరే అందులకు సమ్మతింపలేదు. మఱుసటి సంవత్సరము ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనను దాటి ఆయనకంటె చిన్నవారికి ఈయబడెను. ఆయన రాజీనామా చేసిరి. తరువాత 1978లో చేయబడిన 44వ రాజ్యాంగ సవరణ ఆ లోటును పూడ్చినది. ఎట్టి అత్యవసర పరిస్థితియందైనను 21వ అధికరణమునందలి ప్రాణస్వేచ్ఛల రక్షణను నిలిపివేయుటకు ఇప్పుడు వీలులేదు.

ఇక తంతులు, టెలిఫోనుల సంగతి. 1885వ సంవత్సరపు తంతి చట్టము ఆంగ్లేయులనాటిది. ప్రజాక్షేమమునకు ఆపద వాటిల్లినప్పుడు, దేశ భద్రత మొదలైన కారణములచేత, వార్తలను మధ్యలో పట్టి వినుటకు అది ప్రభుత్వమునకు అధికారమిచ్చినది. ఆ అధికారమును ఎట్లు వాడవలెనో చెప్పు నియమములు మాత్రము నూఱేండ్లు గడచినను ఏర్పడలేదు. రాజకీయ నాయకుల టెలిఫోనులను చాటుగా వినుచున్నారని అలజడి పుట్టగా, పౌరహక్కుల సంఘమొకటి సుప్రీంకోర్టునకు పోయెను. 1996లో న్యాయస్థానము హద్దులు ఏర్పఱచినది. ఎవరి మాటలు వినవలెనన్నను కేంద్రమునందో రాష్ట్రమునందో హోంశాఖ కార్యదర్శి వ్రాతమూలకముగా ఉత్తరువు చేయవలెను. ఆ ఉత్తరువు రెండు నెలలకు మించి చెల్లదు. పొడిగించినను మొత్తము ఆఱు నెలలు దాటరాదు. పైయధికారుల సంఘమొకటి ఆ ఉత్తరువు న్యాయమైనదో కాదో పరిశీలింపవలెను. అక్కఱ తీరిన వ్రాతలను నశింపజేయవలెను. 1885 నాటి చట్టమునకు బదులుగా 2023లో నూతన టెలికమ్యూనికేషన్ల చట్టము చేయబడినది. దాని క్రింది నియమములయందును గడువులును, పరిశీలన సంఘములును కలవు. అయితే ఆ సంఘములలో నుండువారందఱును ప్రభుత్వోద్యోగులే. ఒక శాఖ చేసినదానిని మఱొక శాఖ చూచుట మంచిదే. కాని ప్రభుత్వమునకు వెలుపలివాడైన న్యాయాధిపతి చూచుట మఱియు మంచిదని నా యభిప్రాయము. లెక్క వ్రాసినవాడే లెక్క తనిఖీ చేసినచో అది తనిఖీ అనిపించుకొనదు గదా!

ఇంకొక సంగతి గమనింపుడు. పూర్వకాలమున ఒకనిని కనిపెట్టవలెనన్న తలారి నిద్ర మానుకొనవలెను, లాంతరులో చమురు కాలవలెను, కాళ్లు అరుగవలెను. అందుచేత ఊరిలో ఒకరిద్దఱిని మాత్రమే కనిపెట్టగలిగిరి. ఆ శ్రమయే జనులకు ఒక కంచెగా నుండెను. ఈనాడు మన జేబులోని టెలిఫోను మనమెచ్చట నున్నామో, ఎవరితో ఎంతసేపు మాటలాడితిమో తనంతట తానే గుర్తు పెట్టుచున్నది. కూడలిలోని కెమేరా దగ్గదు, నిద్రపోదు. వేయిమందిని కనిపెట్టుట ఒకనిని కనిపెట్టుటకంటె కష్టము కాదు. శ్రమ అను కంచె పోయినది గనుక చట్టమను కంచెను మఱింత గట్టిగా కట్టుకొనవలసి యున్నది.

ఆ కంచెకు పునాది 2017 ఆగష్టు 24వ తేదీన పడినది. కర్ణాటక హైకోర్టున న్యాయమూర్తిగా నుండి విరమించిన పుట్టస్వామిగారి వ్యాజ్యమున తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా, ఏకాంతము రాజ్యాంగము కాపాడు ప్రాథమిక హక్కేయని తీర్పు చెప్పిరి. 1962లో నలుగురు చెప్పిన దానిలో, ఏకాంతమునకు హక్కు లేదన్న భాగమును కొట్టివేసిరి. ఏబదియైదేండ్లకు సుబ్బారావుగారి మాట నెగ్గినది. 1976 నాటి తీర్పును కూడ తప్పని త్రోసివేసిరి. ఆ 1976 తీర్పు చెప్పిన నలుగురిలో వై. వి. చంద్రచూడ్‌గారు ఒకరు, 2017లో అది తప్పని వ్రాసిన న్యాయమూర్తులలో డి. వై. చంద్రచూడ్‌గారు వారి కుమారులు. తండ్రియెడ గౌరవము వేఱు, న్యాయము వేఱు.

ఏకాంతము హక్కైనంతమాత్రమున ప్రభుత్వము కన్నులు మూసికొనవలెనని వారు చెప్పలేదు. ఆ తీర్పు సారమును మనకు పనికివచ్చునట్లు నాలుగు ప్రశ్నలుగా చెప్పవచ్చును. మొదటిది: ఇట్లు చేయుటకు చట్టమున్నదా? రెండవది: చేయు ప్రయోజనము న్యాయమైనదా? మూడవది: ఆ ప్రయోజనమునకు ఇంత అవసరమా, లేక కొంచెముతోనే సరిపోవునా? మందైనను మోతాదు మించినచో విషమగును గదా. నాల్గవది: తప్పు జరిగినచో అడుగువాడొకడు కలడా? ఈ నాలుగింటికిని తగిన సమాధానము ఉన్నచో ఆ కావలిని మనము సంతోషముగ అంగీకరింపవలెను. ఒక్కదానికి లేకున్నను అడుగవలెను.

“నేను ఏ తప్పును చేయలేదు, నన్ను చూచినచో నాకేమి భయము?” అని కొందఱు పెద్దలు అందురు. ఇది నిర్మలమైన మనస్సుతో చెప్పుమాటయే. కాని గుట్టు వేఱు, తప్పు వేఱు. కుమారునికి అప్పు సంగతి వ్రాసిన జాబు తప్పు కాదు. కూతురి జబ్బు విషయమై వైద్యునితో ఆడినమాట తప్పు కాదు. ఎన్నికలలో ఎవరికి వోటు వేసితిరో అదియు తప్పు కాదు. అయినను వానిని వీధిలో చాటింపరు. మఱియు ఏది తప్పో నిర్ణయించువాడు రిజిష్టరు చేత పట్టినవాడే యైనప్పుడు, నేటి నిర్దోషి రేపటి అనుమానితుడగుటకు ఎంతోసేపు పట్టదు. మా ఊరివాని పేరు రిజిష్టరున నున్నన్నాళ్లును, పంచాయతీలో న్యాయము చెప్పుటకును అతని చుట్టములు నోరు విప్పలేదు. ఒకనిమీద పడిన చూపు పదిమంది నోళ్లను మూయును.

“శత్రువు చట్టమును పాటించునా? మనమేల పాటింపవలెను?” అని మఱికొందఱు అడుగుదురు. శత్రువు పాటింపడు, అందుచేతనే అతడు శత్రువు. మనము కాపాడుకొనదలచిన దేశము కొండలు, నదులు మాత్రమే కాదు. రాత్రి తలుపు మూసికొని నిర్భయముగ నిద్రించుట కూడ ఆ దేశములోనిదే. దానిని పోగొట్టుకొని దేశమును కాపాడితిమనుట, ధాన్యమును పారబోసి గాదెను కాపాడితిమనుట వంటిది.

ఈ విషయమున గ్రామ పెద్దలు చేయదగిన పనులు కొన్ని కలవు. పోలీసువారు నేరస్థుని జాడ అడిగినప్పుడు నిజము చెప్పుట మన విధి; దాచుట దోషము. కాని మనకు గిట్టనివాని పేరు వారి చెవిని వేయుట మహాపాపము. అనుమానము, పుకారు, చూచిన సంగతి – ఈ మూడును వేఱువేఱని విడమఱచి చెప్పవలెను. నడవడి బాగుపడినవాడు ఊరిలో ఉన్నచో, అతని పేరును రిజిష్టరునుండి తొలగింపుడని నలుగురు పెద్దలు చేవ్రాలు చేసి పైయధికారులకు వ్రాయవచ్చును. మన ఊరి కూడలిలో కెమేరా పెట్టినప్పుడు, ఆ చిత్రములను చూచువారెవరు, ఎన్ని దినములు ఉంచుదురు, అడిగినవారికందఱికి చూపుదురా అని గ్రామసభలో అడుగుటకు సంకోచింపరాదు. అడిగినంతమాత్రమున దేశద్రోహము కాదు. కావలివాని లాంతరును అప్పుడప్పుడు అతని ముఖమునకే చూపుట ఇంటివాని హక్కు.

చివరకు మా ఊరివాని మాట చెప్పి ముగించెదను. అతని భార్య చెప్పినది విని మా తండ్రిగారు చాలసేపు ఊరకుండిరి. మఱునాడు అతని నడవడి నిర్దోషమైనదని వ్రాసి, పేరు కొట్టివేయవలసినదని పైకి పంపిరి. జవాబు రాలేదు. మఱల వ్రాసిరి. మూడవ ఏట పేరు తొలగించినట్లు కాగితము వచ్చెను. మా తండ్రిగారు తలారి చేత కబురంపక, తామే అతని యింటికి నడచిపోయి ఆ కాగితము చదివి వినిపించిరి. నేను వెంట నుంటిని. అతడు చేతులు జోడించెనే కాని ఒక్కమాటయు పలుకలేదు. నాటినుండి తలారి ఆ వీధికి పోలేదు. అయినను ఆ వేళకు అతడు మేల్కొని దగ్గుట మాత్రము మానలేదని అతని భార్య చాలకాలము చెప్పుచుండెడిది.

రిజిష్టరులోని పేరును ఒక గీతతో కొట్టివేయవచ్చును. మనస్సులో పాతుకొన్న భయమునకు అట్టి గీత లేదు. అందుచేత పేరు ఎక్కించుటకు ముందే అడుగవలసిన ప్రశ్నలను అడుగుట మంచిది. దేశమును కాపాడువారికి మనము అండగా నుందము. ఆ కాపలాకు హద్దులుండునట్లు కూడ చూచుకొందము.